బెంగ ఉందని చెప్పిన పిల్లను అనుమానించకండి

ప్రవేశ ఇంటర్వ్యూలు చేసే అధ్యాపకులకు, ఆ బల్ల చుట్టూ కూర్చునే పెద్దలందరికీ నమస్కారం.

నేను కందుకూరులోనూ ఒంగోలులోనూ ఆడపిల్లల ప్రభుత్వ సంక్షేమ వసతి గృహాల్లో 27 ఏళ్లు వార్డెన్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉద్యోగం అయిపోయినా పిల్లలు రావడం మానలేదు. ఇంటర్ పాసై, ఎక్కడో దూరాన ఉన్న విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుని, "మేడమ్, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?" అంటూ మా వరండాలో వచ్చి కూర్చుంటారు. ఈఏపీసెట్ ర్యాంకుతో సీటు వచ్చే చోట ఈ దిగులు లేదు. ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులు చూస్తారు. అక్కడెవరూ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడరు. మీరు మాట్లాడతారు. మార్కుల కాగితం పక్కన పెట్టి మనిషిని చూడాలనుకున్నందుకు మీ మీద నాకు గౌరవం. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

మీరు అడిగే ప్రశ్నల్లో ఒకటి మా పిల్లల్ని బాగా ఇబ్బంది పెడుతోంది. "ఇంత దూరం వస్తున్నావు కదా, ఇంటి మీద బెంగ పెట్టుకోవా? కాలేజీ జీవితానికి ఎలా అలవాటు పడతావు?" అని అడుగుతారు. అడగకూడని ప్రశ్నేమీ కాదు. సీటు తీసుకున్న పిల్ల రెండు నెలలకే సామాను సర్దుకుని వెళ్లిపోతే ఆ సీటు ఎవరికీ కాకుండా పోతుంది, మీ కష్టమూ వృథా అవుతుంది. మీ ఆలోచన నాకు తెలుసు. కానీ ఆ ప్రశ్నకు మా పిల్లలు ఇచ్చిన రెండు జవాబులు నా దగ్గరున్నాయి. ఒకటి నిజం. ఇంకొకటి నేనే నేర్పించిన అబద్ధం. రెండింటి తర్వాతా ఏం జరిగిందో మీకు చెప్పాలి.

మొదటి అమ్మాయిది సింగరాయకొండ దగ్గర, పాకల వైపు, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లెపాలెం. తండ్రి వేటకు వెళతాడు. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరుగుతుంది. ఆ పిల్ల ఆరో తరగతిలో మా హాస్టల్‌కు వచ్చింది. వచ్చిన వారం రోజులు అన్నం సరిగా ముట్టలేదు. పగలు బాగానే ఉండేది. బడికి వెళ్లేది, ఆడుకునేది, నవ్వేది. దీపాలు పెట్టే వేళకు మాత్రం మెట్ల మీద కూర్చుని గేటు వైపు చూస్తూ ఉండిపోయేది.

అది నాకు కొత్త కాదు. బెంగకు ఒక వేళ ఉంటుంది. పొద్దున రాదు, బడి గంట కొట్టాక రాదు. సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య వస్తుంది. ఆదివారం అమ్మానాన్నలు వచ్చి, తెచ్చిన పచ్చడి సీసా చేతిలో పెట్టి, బస్సు వేళైందని వెళ్లిపోయిన తర్వాత వస్తుంది. సంక్రాంతి సెలవుల నుంచి తిరిగి వచ్చిన మొదటి రాత్రి తప్పకుండా వస్తుంది. ఇది కనిపెట్టాక ఆ గంటలో పిల్లల్ని ఊరికే కూర్చోనిచ్చేదాన్ని కాదు. పూలు తెప్పించి మాలలు కట్టించేదాన్ని, తొక్కుడు బిళ్ల ఆడించేదాన్ని, చదవడం బాగా వచ్చిన పిల్ల చేత కథ పైకి చదివించేదాన్ని. చాలామందికి నెల తిరిగేసరికి సర్దుకునేది.

ఈ పిల్లకు మాత్రం రాత్రి నిద్ర కూడా పట్టేది కాదు. ఎందుకని అడిగితే, "ఇక్కడ చప్పుడు లేదు మేడమ్" అంది. నలభై మంది పిల్లలు పడుకునే గది అది. ఒకరు దగ్గుతారు, ఒకరు కలవరిస్తారు, ఒకరి కాలి పట్టీలు మోగుతాయి. చప్పుడు లేకపోవడమేమిటో నాకు వెంటనే అర్థం కాలేదు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల సముద్రపు హోరు వింటూ నిద్రపోయింది. అది ఆగిపోయేసరికి చెవులు దాని కోసం వెతుక్కుంటున్నాయి.

మా గదిలో మూడు ఫ్యాన్లుండేవి. గోడవారగా ఉన్నది పాతది. తిరిగినంతసేపూ గరగరమని మోగేది. దాని కింద పడుకోవడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఒక రాత్రి ఈ పిల్ల ఎవరికీ చెప్పకుండా తన ట్రంకు పెట్టె ఈడ్చుకుంటూ వెళ్లి ఆ ఫ్యాను కింద చాప పరుచుకుంది. పన్నెండు గంటలకు నేను టార్చి పట్టుకుని చూడటానికి వెళ్లాను. చెంప కింద చెయ్యి పెట్టుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని, ఒళ్లు మరచి నిద్రపోతోంది. ఆ మరుసటి వేసవిలో మరమ్మతులకు వచ్చిన మనిషి ఆ ఫ్యాను సరిచేస్తానంటే నేనే వద్దన్నాను. ఆ పిల్ల పదో తరగతి రాసి వెళ్లేవరకు అది అలాగే మోగింది.

ఆ అమ్మాయి ఒంగోలులో ఇంటర్ పూర్తిచేసి, పొరుగు రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. తండ్రి వేటలో ఉన్నాడు, తల్లి ఎప్పుడూ అంత దూరం రైలెక్కలేదు. తోడుగా నేను వెళ్లాను. లోపల ఏం జరిగిందో తిరిగి వచ్చేటప్పుడు రైల్లో చెప్పింది. మీరందరూ అడిగే ఆ ప్రశ్నే అడిగారట. "మొదట ఏడుస్తాను సార్. కొన్ని రోజులు తినబుద్ధి కాదు. తర్వాత నిద్ర పట్టడానికి ఏదో ఒక దారి వెతుక్కుంటాను" అని, తనకు వచ్చిన ఇంగ్లీషులో ఆ ఫ్యాను సంగతి చెప్పిందట. ఒకాయన నవ్వారట. ఇంకొకరు "ఇక్కడి హాస్టల్లో ఫ్యాన్లు మోగవమ్మా" అన్నారట. తర్వాతి ప్రశ్నలు గబగబా అయిపోయాయని చెప్పింది. సీటు రాలేదు. ఆ జవాబు వల్లనే రాలేదని నేను అనను. కారణాలు ఇంకేమైనా ఉండవచ్చు. కానీ గూడూరు దాటాక, కిటికీ ఊచలకు తల ఆనించుకుని, "నిజం చెప్పకుండా ఉండాల్సింది కదా మేడమ్" అంది. కాదమ్మా అని నేను అనలేకపోయాను. ఆ రోజు నోరు విప్పనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆ జవాబును మరొకసారి చూడమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. పదకొండేళ్ల వయసులో ఒక పిల్ల తన బాధ ఎక్కడుందో తనే కనిపెట్టింది. అమ్మ కోసం ఏడుస్తున్నానని పైపైన అనుకుని ఊరుకోలేదు. చప్పుడు లేకపోవడమని పట్టుకుంది. ఉన్న గదిలోనే, ఉన్న వస్తువుల్లోనే దానికి మందు వెతుక్కుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, ఎవరూ వద్దనుకున్న చోటును తనది చేసుకుంది. కొత్త చోటికి అలవాటు పడటం అంటే ఇంతకంటే ఏముంటుంది? "నాకు అలాంటివేమీ రావు సార్" అని చెప్పిన పిల్లకు ఈ పని చేసిన అనుభవం ఉందని మీకెలా తెలుస్తుంది?

1688లో స్విట్జర్లాండ్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఊరికి దూరమైన వారికి వచ్చే ఈ బాధకు రెండు గ్రీకు మాటలు కలిపి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు. దాన్ని ఒక రోగంగా రాశాడు. మన భాషలో బెంగ అంటాం. మనవాళ్లెవరూ దాన్ని రోగమనుకోరు. "పిల్ల బెంగ పెట్టుకుంది" అంటారు. బెంగతో జ్వరం వస్తే మిరియాల కషాయం కాచి ఇచ్చి, రెండు రోజులు పక్కలో పడుకోబెట్టుకుంటారు. ఎవరి మీదా మమకారం లేని మనిషికి బెంగ రాదని మా అమ్మమ్మ అనేది. ఇంగ్లీషులో ఇంటర్వ్యూ జరిగే గదిలోకి వెళ్లేసరికి మాత్రం ఆ మాటే పిల్ల మీద మచ్చలా కనిపిస్తోంది. ఎంత విచారం!

ఇక రెండో అమ్మాయి సంగతి. ఇది చెప్పడం నాకు కష్టం.

ఉలవపాడు దగ్గర మామిడి తోటల్లో కాపలా ఉండే కుటుంబం వాళ్లది. పిల్ల చదువులో చురుకు. పదో తరగతి వరకు మా హాస్టల్లో ఉండి, ఇంటర్ రెండేళ్లూ నెల్లూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉచిత సీటుతో చదివింది. ఆ అమ్మాయి ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్నప్పుడు, మొదటి పిల్లకు జరిగింది గుర్తుపెట్టుకుని, నేనే ఒక జవాబు రాసిచ్చాను. "నేను చిన్నప్పటి నుంచి హాస్టల్లోనే ఉన్నాను. నాకు ఇంటి బెంగ ఉండదు. కొత్తవారితో త్వరగా కలిసిపోతాను." ఇంగ్లీషులో మూడు వాక్యాలు. వారం రోజులు కంఠతా పట్టించాను. చెప్పేటప్పుడు నవ్వుతూ చెప్పమన్నాను. సీటు వచ్చింది.

వాళ్లమ్మ అంతకుముందు ఏడాది మొహర్రం రోజుల్లో నెల్లూరు వెళ్లి, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి చదువు రొట్టె తీసుకుంది. రొట్టెల పండుగ గురించి తెలియని వారి కోసం చెబుతున్నాను. ఏ కోరిక ఉన్నవారు ఆ రొట్టె తీసుకుంటారు. ఉద్యోగానికి ఒక రొట్టె, పెళ్లికి ఒక రొట్టె, ఆరోగ్యానికి ఒక రొట్టె, చదువుకు ఒక రొట్టె. కోరిక తీరిన వారు మళ్లీ వచ్చి, అదే కోరికతో ఎదురుచూస్తున్న ఇంకొకరి చేతిలో రొట్టె పెడతారు. కూతురికి సీటు రాగానే ఆ తల్లి కూడా వెళ్లి, చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఎవరో తెలియని ఒక తల్లికి చదువు రొట్టె ఇచ్చి వచ్చింది. అక్కడి నుంచే నాకు ఫోను చేసి చెప్పింది. వెనక జనం కేకలు వినిపిస్తున్నాయి, ఆమె గొంతు సంతోషంతో వణుకుతోంది.

దసరా సెలవులకు ఇంటికి వచ్చిన అమ్మాయి తిరిగి వెళ్లలేదు.

విజయదశమి మర్నాడు వాళ్ల ఇంటికి వెళ్లాను. మనిషి సగమైంది. కబుర్లు చెబుతూ గంటసేపు కూర్చున్నాక, నెమ్మదిగా ఒక్కొక్కటే బయటికి వచ్చింది. అక్కడ భోజనశాల పెద్దది. పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లాక ఎక్కడ కూర్చోవాలో తెలిసేది కాదట. ప్రతి బల్ల దగ్గరా గుంపులు గుంపులుగా నవ్వుకుంటూ కూర్చున్నవారే. ఖాళీ కుర్చీ ఉన్నా అది ఎవరి కోసమో ఆపినట్టు అనిపించేదట. పళ్లెంతో నిలబడి చుట్టూ చూసే ఆ పది క్షణాలు తట్టుకోలేక, మూసేసే ముందు వెళ్లడం మొదలుపెట్టింది. అప్పటికి బల్లలు తుడుస్తూ ఉంటారు. కూర అయిపోయి ఉంటుంది. పెరుగన్నం తిని వచ్చేది. కొన్నాళ్లకు అదీ మానేసి గదిలో బిస్కెట్లతో గడిపింది. శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి వరకు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడని వారాలు ఉన్నాయని చెప్పింది.

"హాస్టల్లో ఇన్నేళ్లు ఉన్నావు కదమ్మా, ఇదేమిటి?" అని అడిగాను. అడిగిన మరుక్షణమే నా ప్రశ్న ఎంత తప్పో తెలిసింది. ఆ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున ఐదింటికి గంట కొట్టి లేపేవారు. స్నానానికి గంట, టిఫినుకు గంట, తరగతికి గంట, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్. ఎక్కడ కూర్చోవాలో, ఎవరి పక్కన తినాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ ఎవరో ఒకరు చెప్పేవారు. బెంగ పెట్టుకోవడానికి కూడా తీరిక ఉండేది కాదు. మీ విశ్వవిద్యాలయాల్లో గంట కొట్టరు. పెద్దవాళ్లయ్యారని వదిలేస్తారు, అది మంచిదే. కానీ రెండేళ్లు అణచిపెట్టిన బెంగంతా ఆ ఖాళీ శనివారం సాయంత్రం ఒక్కసారి మీద పడుతుంది. మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఇలాంటి చదువు చదివి వస్తారు. కొందరు ఆరో తరగతి నుంచే ఇంటికి దూరంగా ఉంటారు. దరఖాస్తులో "రెసిడెన్షియల్" అన్న మాట చూసి, ఈ పిల్లకు అలవాటేలే అనుకోకండి. గంటకు అలవాటు పడటం వేరు, గంట లేని చోట తన రోజును తనే దిద్దుకోవడం వేరు.

అక్కడ కౌన్సెలర్ లేరా అని అడిగాను. ఉన్నారట. మంచి ఆవిడట. హాస్టల్ నోటీసు బోర్డు మీద ఆవిడ ఫోను నంబరు, దాని కింద మనసు బాగోలేనివారికి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 కూడా రాసి ఉన్నాయట. రోజూ వాటి ముందు నుంచే నడిచి వెళ్లిందట. మరి ఎందుకు వెళ్లలేదంటే, ఆ అమ్మాయి తల వంచుకుని చాపలోంచి ఒక పుల్ల లాగుతూ చెప్పిన మాట ఇది.

"ఇంటర్వ్యూలో నాకు బెంగ ఉండదని చెప్పాను కదా మేడమ్. ఆ సార్లే ఇప్పుడు నాకు పాఠాలు చెబుతున్నారు. ఇప్పుడు వెళ్లి ఏడిస్తే, అబద్ధం చెప్పి సీటు తెచ్చుకున్నానంటారు."

అయ్యా, అమ్మా, ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట మీకు చేర్చడానికే రాస్తున్నాను. నేను రాసిచ్చిన మూడు వాక్యాలు ఆ పిల్లకు సీటు తెచ్చాయి, ఆ మూడు వాక్యాలే తలుపు మీద గడియ కూడా వేశాయి. ప్రవేశం రోజున దాచమని నేర్పిన దాన్ని ప్రవేశించాక చెప్పమంటే ఏ పిల్లా చెప్పదు. సుప్రీంకోర్టు 2025 జూలైలో, విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో తీర్పు ఇస్తూ, వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థలన్నీ అర్హత గల కౌన్సెలర్‌ను పెట్టాలని చెప్పింది. చాలా మంచి మాట. కానీ కౌన్సెలర్ గది తలుపు తెరిచి ఉంటే సరిపోదు. ఆ గదిలోకి వెళ్లడం తప్పు కాదన్న నమ్మకం పిల్లకు మొట్టమొదట కలగాల్సింది మీ ఇంటర్వ్యూ గదిలోనే. ఆ సంస్థలో పిల్ల చూసే మొదటి ముఖాలు మీవి.

ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చి, కూతురికి వినపడకుండా అడిగింది. "నేను రొట్టె ఇచ్చానమ్మా ఒకావిడకు. ఆమె బిడ్డకు కూడా ఇలాగే అవుతుందేమోనమ్మా?"

మీరు ఏం చేయాలో చెప్పేంత చదువు నాకు లేదు. పిల్లల మధ్య బతికిన అనుభవంతో కొన్ని మాటలు అడుగుతాను.

"ఎలా అలవాటు పడతావు?" అని రాబోయే కాలం గురించి అడగకండి. అది ఏ పిల్లకూ తెలియదు. తెలియని దానికి కంఠతా పట్టిన జవాబే వస్తుంది. "ఇంటికి దూరంగా ఎప్పుడైనా ఉన్నావా? ఆ మొదటి వారం ఎలా గడిచింది? ఏది ఎక్కువ గుర్తొచ్చింది? అప్పుడు ఏం చేశావు?" అని అడగండి. జరిగిపోయిన దాన్ని పిల్లలు కళ్లకు కట్టినట్టు చెబుతారు. మేనత్త ఇంట్లో గడిపిన వేసవి సెలవులు కావచ్చు, ఆసుపత్రిలో తమ్ముడికి తోడున్న పది రోజులు కావచ్చు. అందులో నుంచి ఆ పిల్ల ఎలాంటిదో మీకు తేటగా కనిపిస్తుంది. ఏడ్చానని చెబితే అక్కడ ఆగిపోకండి, తర్వాత ఏమైందని ఇంకొక్క ప్రశ్న వేయండి. ఆ అమ్మాయి చెప్పిన ఫ్యాను కథ అలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూసింది.

అడిగే ముందు మీ సంగతి ఒక్క ముక్క చెప్పండి. మీలో చాలామంది ఏదో ఒక ఊరు వదిలి చదువుకున్నవారే. ఆ పెద్ద బల్లకు అవతల కూర్చున్న ప్రొఫెసర్ గారు, "నేను హాస్టల్లో చేరిన మొదటి నెల రోజూ ఇంటికి ఉత్తరం రాశానమ్మా" అంటే చాలు, పిల్ల భుజాలు కిందికి దిగుతాయి. మా హాస్టల్లో కొత్త పిల్లల ముందు నేను మొదట చెప్పేది నా కథే. నర్సరావుపేటలో చదువుకునే రోజుల్లో నేను స్టేషను దాకా వెళ్లి, టికెట్టు కొనకుండా రైళ్లు చూసి వెనక్కి వచ్చిన సాయంత్రాల గురించి చెప్పేదాన్ని. అది విన్నాక ఆ పిల్లలు నా దగ్గర ఏడవడానికి సిగ్గుపడలేదు.

భాష గురించి కూడా. బెంగ లాంటివి మనిషి తల్లి భాషలోనే చెప్పుకుంటాడు. వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే అది ఫిర్యాదులాగో, బలహీనతలాగో వినపడుతుంది. ఈ ఒక్క ప్రశ్నకైనా పిల్లను తన భాషలో చెప్పనివ్వండి. మీ సంస్థలో తెలుగు తెలిసిన అధ్యాపకులో, పై తరగతి విద్యార్థులో ఎవరో ఒకరు ఉండకపోరు. వారిని ఆ పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకోండి.

ఈ జవాబుకు మార్కులు వేయకండి. వేస్తున్నంతకాలం నాలాంటి వాళ్లు జవాబులు రాసిస్తూనే ఉంటారు. దానికి బదులు, సీటు వచ్చిన పిల్ల ఒప్పుకుంటే, ఆమె చెప్పిన విషయం హాస్టల్ చూసేవారికి చేరేలా చేయండి. ఈ పిల్లకు సాయంత్రాలు కష్టం, ఈ పిల్ల ఒంటరిగా భోజనానికి వెళ్లలేదు అని ఒక్క ముక్క ముందే తెలిస్తే వార్డెన్ ఎంత పని చేయగలదో నాకు తెలుసు. మొదటి రెండు వారాలు భోజనానికి పిలుచుకు వెళ్లడానికి ఒక సీనియర్ అమ్మాయి ఉండి ఉంటే, మా ఉలవపాడు పిల్ల ఇప్పుడు అక్కడే చదువుకుంటూ ఉండేదని నా నమ్మకం.

ఒంగోలు అనగానే అందరికీ గుర్తొచ్చే టంగుటూరి ప్రకాశం పంతులు గారి బాల్యం తలచుకోండి. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆయన పై చదువుకు రాజమండ్రి వెళ్లింది ఒంటరిగా కాదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు తను రాజమండ్రి వెళుతూ శిష్యుణ్ణి వెంటబెట్టుకు వెళ్లారు. తర్వాత బారిస్టరు చదువుకు సముద్రాలు దాటి ఇంగ్లండు వెళ్లిన మనిషి ఆయన. అంత గుండె ధైర్యం గలవాడికీ చదువు కోసం రాజమండ్రి వెళ్లినప్పుడు తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉన్నారు. మా పిల్లలకు కూడా అలాంటి మనిషి ఒక్కరు చాలు.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. ఇంటి మీద బెంగ లేని పిల్లలు నిజంగానే కొందరుంటారు. సెలవులిస్తున్నారంటే ఏడ్చిన పిల్లలు నా హాస్టల్లో ఉన్నారు. తండ్రి తాగి వచ్చి కొట్టే ఇల్లు, తల్లి లేని ఇల్లు, పదో తరగతి కాగానే పెళ్లి చేద్దామని చూసే ఇల్లు. అలాంటి పిల్ల "నాకు బెంగ లేదు" అంటే అది నిజమే. ఆమెను "అదేమిటి, అమ్మ గుర్తుకు రాదా?" అని గుచ్చి అడగకండి. మీ ముఖాల్లో ఆశ్చర్యం కనిపించినా ఆమె మనసు ముడుచుకుపోతుంది. కొత్త చోటు కోసం ఎదురుచూస్తున్న పిల్ల అది. రానివ్వండి.

మొదటి అమ్మాయి ఒంగోలులోనే బీఎస్సీ పూర్తిచేసి ఇప్పుడు బీఈడీ చదువుతోంది. సొంతంగా గది అద్దెకు తీసుకుని ఉంటోంది. రెండో అమ్మాయి ఒక ఏడాది ఇంట్లో ఉండి కావలిలో డిగ్రీలో చేరింది. రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. ఒళ్లు తేరుకుంది. ఆమె దగ్గర నేను క్షమాపణ అడిగాను. "మీరు మంచికే చెప్పారు కదా మేడమ్" అంది. ఆ మాటతో నాకు బరువు దిగలేదు.

ఈ ఏడాది మళ్లీ ఇద్దరు పిల్లలకు ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. ఒకరిది పామూరు వైపు, ఇంకొకరిది కొత్తపట్నం. సాయంత్రాలు మా వరండాలోనే కూర్చుని తయారవుతున్నారు. లెక్కలు, వార్తలు, తమ గురించి తాము చెప్పుకోవడం అన్నీ అడుగుతున్నాను. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు నేర్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను. పామూరు పిల్ల చాలా నెమ్మదిగా మాట్లాడుతుంది. మాట మొదలుపెట్టడానికి ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటుంది. వాళ్ల నానమ్మ పోయిన తర్వాత హాస్టల్‌కు తిరిగి వెళ్లిన రోజు గురించి చెప్పాలనుకుంటోంది. మీ ముందుకు వచ్చినప్పుడు, ఆమె గొంతు సవరించుకునేదాకా కొద్దిసేపు ఆగండి.

నమస్కారాలతో,
ఒక విశ్రాంత హాస్టల్ వార్డెన్,
కందుకూరు